పెద్దమ్మను లేపడం

నాకు టైప్ వన్ షుగర్. పదో తరగతి నుంచి ఇన్సులిన్ మీదే ఉన్నాను. నిద్రలో షుగర్ పడిపోవడం నాకు కొత్త కాదు. చెమట పడుతుంది, చేతులు వణుకుతాయి, మెలకువ వస్తుంది. పక్కనే ఉన్న గ్లూకోజ్ పొడి నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంట ఆగి మళ్లీ పరీక్ష చేసుకుంటాను. నిజామాబాద్‌లో మా ఇంట్లో ఈ పనికి ఎవరినీ లేపక్కర్లేదు. ఎవరితోనూ మాట్లాడనక్కర్లేని జబ్బు కాబట్టే దానికీ నాకూ ఇంతకాలం పొసగింది.

పోయిన ఏడాది చెరుకు నరికే రోజుల్లో ఎడపల్లిలో ఉన్న పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. పెద్దమ్మకు నేనంటే ప్రాణం. నేను ఆశపడతానని చక్కెర, బెల్లం, అరటిపళ్లు అన్నీ బీరువాలో చీరల పక్కన పెట్టి తాళం వేసింది. చుట్టూ చెరుకు తోటలే. ఇంట్లో మాత్రం చిటికెడు తీపి బయట లేదు. రాత్రి నేను అన్నానికి సరిపడా ఇన్సులిన్ వేసుకుని కూర్చుంటే, షుగర్‌కు అన్నం మంచిది కాదని ఒకే ఒక్క జొన్నరొట్టె పెట్టింది. ఇంకోటి అడగడానికి మొహమాటపడ్డాను.

అర్ధరాత్రి మెలకువ వచ్చేసరికి ఒళ్లంతా చెమట. షుగర్ మీటర్ యాభై రెండు చూపించింది, కనీసం డెబ్బై ఉండాలి. సంచిలో గ్లూకోజ్ డబ్బా లేదు. అంతా మంచం మీద కుమ్మరించాను. చదువుతున్న నవల ఉంది, దువ్వెన ఉంది, డబ్బా లేదు.

పెద్దమ్మ ముందుగదిలో చాప మీద, నేను పెద్దబాపు అని పిలిచే పెద్దనాన్న పక్కనే మంచం మీద పడుకుని ఉన్నారు. తాళంచెవి ఆమె నడుముకు దోపి ఉంది. పక్కన నిలబడి, నిద్రపోతున్న పెద్దవాళ్లను ఏమని లేపాలా అని ఆలోచించాను. "ఏమనుకోకపోతే" అని మొదలుపెడితే బాగుంటుందా అని వాక్యం దిద్దుకుంటుండగా మోకాళ్లు వణికాయి. దగ్గాను. లేచింది మంచం మీది పెద్దబాపు.

"ఎవలది?"

"నేనే పెద్దబాపూ. ఏం లేదు."

అలవాటుకొద్దీ అనేశాను. ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

నేనూ వెళ్లి పడుకోవచ్చు. పడుకుంటే మళ్లీ లేవకపోవచ్చు. ఈ రెండింటిలో ఏది తక్కువ ఇబ్బందో కాసేపు నిజంగానే తేల్చుకోలేకపోయాను. చివరికి కూలబడి పెద్దమ్మ భుజం పట్టి ఊపాను.

"పెద్దమ్మా, చక్కెర కావాలె. షుగర్ పడిపోయింది. నా గ్లూకోజ్ డబ్బా కనబడ్తలేదు."

"గా డబ్బనా? పగటీలి కూలోళ్లకు కలిపిచ్చిన. ఎండల చెరుకు నరుకుతుండ్రి పాపం. షుగరున్న పిల్ల సంచిల గ్లూకోజ్ ఎందుకుంటది, మీ అమ్మ మర్చిపోయి పెట్టిందనుకున్న."

"అది నా మందు పెద్దమ్మా."

"మందా? మంచిగ తియ్యగున్నదన్నరు."

"తాళం తియ్యి."

"షుగరున్నోళ్లు చక్కెర తింటరా ఎవలన్న? రేపు మీ అమ్మకు నేనేం జెప్పాలె? పొద్దుగాల డాక్టర్ను అడిగి..."

"పొద్దుగాల దాక నేనుండ."

గట్టిగానే వచ్చింది. ఆ ఇంట్లో నా గొంతు అంత పెద్దగా ఎవరూ వినలేదు. నేనూ వినలేదు.

పెద్దబాపు లేచి కూర్చున్నాడు. "ఏం లేదంటివి గదనే," అన్నాడు నాతో. తర్వాత పెద్దమ్మతో, "తియ్యవే తాళం. పిల్ల ఊగుతున్నది," అన్నాడు.

పెద్దమ్మ బీరువా తీసి, ప్రసాదం పెట్టినట్టు నా అరచేతిలో చిటికెడు చక్కెర పెట్టింది. నోట్లో వేసుకుని మళ్లీ చెయ్యి చాచాను. ఇంకో చిటికెడు పెట్టింది. డబ్బా లాక్కున్నాను. విషం తింటున్న మనిషిని చూసినట్టు నన్ను చూస్తూ కూర్చుంది.

పావుగంటకు మళ్లీ సూది గుచ్చి చూసుకున్నాను.

"ఎంతున్నది?"

"ఎనభై."

"మంచిదా, చెడ్డదా?"

"మంచిదే."

"మల్ల తక్కువైతే?"

"లేపుత."

"దగ్గుడు గాదు, లేపాలె," అన్నాడు పెద్దబాపు, కళ్లు మూసుకునే.

పెద్దమ్మ చాప తెచ్చి నా మంచం పక్కన వేసుకుంది. తెల్లారుతుండగా కళ్లు తెరిస్తే, చాప మీద కూర్చుని నన్నే చూస్తోంది.

"లేపకపోతివేందే?"

"తక్కువ కాలే పెద్దమ్మా. మంచిగనే ఉన్న."

"గా ముచ్చటన్న లేపి జెప్పాలె గద," అంది.