వంటామె రాయని తిండి

ఆమె ప్రతి ఉదయం నాలుగున్నరకి హాస్టల్ వంటగది తలుపు తీసేది. పొయ్యి వెలిగించే ముందు కళ్ళు మూసుకుని, "తినే పిల్లలందరి కడుపూ చల్లగా ఉంచు స్వామీ" అనుకునేది. ఆ తర్వాతే అగ్గిపుల్ల గీసేది. పందొమ్మిదేళ్ళలో ఒక్కరోజూ మానలేదు.

నిలబడి నిలబడి మోకాళ్ళు అరిగిపోయాయి. ఆపరేషన్ చేస్తాంగానీ ముందు ఎనిమిది కిలోలు తగ్గి రమ్మన్నారు డాక్టర్లు. ఆసుపత్రిలోనే బరువు తగ్గించే క్లాసు ఉంది. తోడుంటానని తోటికోడలూ చేరింది. ఇద్దరికీ ఒకే రకం నోట్‌బుక్కు, ఒకే మాట: తిన్నదల్లా రాయాలి, చిన్న కంచంలో తినాలి, సాయంత్రం అరగంట నడవాలి.

నాలుగు నెలలకి, టికెట్ కౌంటర్లో కూర్చునే తోటికోడలు తొమ్మిది కిలోలు తగ్గింది. వంటామె తగ్గింది కిలోన్నర. తోటికోడలు మంచిదే. తను చకచకా నడవగలిగినా వంటామె కుంటి నడకకి తగ్గట్టే అడుగు కలిపేది. కానీ ఒక సాయంత్రం నడుస్తూ నోరు జారింది.

"వంటిల్లంతా నీ చేతిలో ఉంటే నోరు కట్టుకోవడం కష్టమేలే అక్కా."

"దొంగతిండి తింటున్నానంటావా?"

"అయ్యో, నేనా మాటన్నానా!"

అనలేదు నిజమే. అయినా వంటామె నడక సగంలోనే ఆపి ఇంటికి తిరిగింది.

మర్నాడు వంటామె నోట్‌బుక్కు తెచ్చి క్లాసు చెప్పే మేడం ముందు పెట్టేసింది. "ఇంక నా వల్ల కాదమ్మా. నా పేరు కొట్టేయండి. ఈ మోకాళ్ళతోనే ఈడుస్తాను."

మేడం పేరు కొట్టేయలేదు. ఆమె కాళ్ళు చాపుకోవడానికి స్టూలు జరిపింది. "రాసిందంతా నిజమేనా?"

"దేవుడి మీద ఒట్టు."

"అయితే లేచిన దగ్గర్నుంచి ఏం చేస్తారో చెప్పండి."

చెప్పింది. మూడు పొయ్యిలు, రెండొందల మంది పిల్లలు. కూర ఉడికే సంగతి చెబుతుంటే ఆమె కుడిచెయ్యి తనంతట తానే గరిటె తిప్పింది. లేని కూరని ఎడమ అరచేతిలో పోసుకుని నాలిక్కి తగిలించుకుంది.

"అదేంటి?"

"ఉప్పు సరిపోయిందో లేదోనని."

"నోట్‌బుక్కులో రాయలేదే?"

"అది తిండి కాదు కదమ్మా. పని."

"రోజుకి ఎన్నిసార్లు?"

వేళ్ళు మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. యాభై దగ్గర ఆగింది.

మేడం నవ్వలేదు. "ఇదొక్కటే కారణమని చెప్పలేను. మీకు నిద్ర చాలదు. ఒంటి తీరూ అందరికీ ఒకటి కాదు. మీ తోటికోడలికి పనిచేసిన క్లాసు మీకు పనిచేయకపోతే అది మీ బద్ధకం కాదు. కానీ ఈ అలవాటు మార్చి చూడొచ్చు. రెండు నెలలు ఓపిక పట్టండి."

వంటామెకి ఊరట కన్నా నీరసమే ఎక్కువొచ్చింది. తన నాలికని నమ్ముకునే ఇన్నేళ్ళూ వండింది మరి.

తెల్లారి అంట్లు తోమే ఆమె ఎప్పట్లాగే అడక్కుండానే పెద్ద గిన్నెకి రెండోవైపు చెయ్యేసి దింపింది. వంటామె గరిటెతో కూర తీసి, అరచేతి దాకా తెచ్చి ఆగింది.

"ఒసే, ఒక సాయం చేసిపెడతావా? ఇవాళ్టి నుంచి రుచి నువ్వు చూడు."

"నేనా! మా ఆయన నా వంటకి దండం పెట్టి లేచిపోతాడక్కా. నాకేం తెలుసు?"

"నువ్వేం చెప్పొద్దులే. నోట్లో వేసుకుని నా వైపు తిరుగు, చాలు. నీ మొహం చూసి ఉప్పు నేను వేసుకుంటాను."