గోదావరికి పౌడరు పూసిన కథ

ఒక్క డబ్బా చెమటకాయల పౌడరుతో సముద్రశాస్త్రాన్నీ, మా చర్చినీ, ముదిగొండ వరి పొలాన్నీ ఒకేసారి ఆగం చేసిన ఘనురాలిని నేను. నమ్మరా? వినండి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో విశాఖలో పరిశోధన చేసేదాన్ని. సముద్రంలో ఇనుము, జింకు లాంటి లోహాలు ఉండీ లేనట్టుంటాయి. అయినా నాచు మొదలు చేప దాకా అవి లేకుండా బతకలేవు. వాటిని నది ఎంత తెస్తుంది, తీరంలోని బురద ఎంత పట్టి ఉంచుతుంది, ఎంత వదులుతుంది అన్నదే మా గైడు సారు లెక్క.

"భద్రాచలం దగ్గర గోదావరి నీళ్ళు పట్టుకురా. పని శుభ్రంగా చేస్తే పరిశోధన ఓడలో సీటు నీదే" అన్నారు. ఓడ! ఖమ్మం పిల్లకి! ఇక నాకు నిద్ర పడితే ఒట్టు.

మే నెల. ఖమ్మం పక్కనే ఖానాపురం హవేలిలో మా ఇంటి గడప దాటుతుంటే అమ్మ ఆపింది.

"మెడకు జర పౌడరు కొట్టుకపో బిడ్డా, చెమటకాయలు లేస్తయ్."

జరేమిటి, గోడకు సున్నం వేసినట్టు పట్టించాను. పడవలో మెడ తుడుచుకోవడం, అదే చేత్తో సీసాల మూతలు తీయడం. ఒకటి నది నీళ్ళకి. ఇంకోటి పోల్చి చూడటానికి సారు ఇచ్చిన శుద్ధమైన నీళ్ళది. చేతి తొడుగులా? ఉక్కపోస్తోందని సంచిలో పడేశాను. ఆ పౌడరులో జింకు ఉంటుందని తెలియదనుకునేరు. బ్రహ్మాండంగా తెలుసు. బుర్ర మాత్రం అప్పటికే ఓడెక్కి కూర్చుంది.

నాట్లు పడ్డాక ఫలితాలొచ్చాయి. చూసి కళ్ళు తిరిగాయి. నదిలో జింకే జింకు! రెండో సీసా సంగతి చూసే ఓపిక ఎక్కడిది? రైలెక్కి ఖమ్మం వచ్చి, ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పాను.

"దేవుడు నా చేత గోదావరిలో జింకు కనిపెట్టించాడు!"

"స్తోత్రం!" అని చర్చి దద్దరిల్లింది.

బయటికి రాగానే ముదిగొండలో వ్యవసాయం చేసే మా పెద్దనాయన పట్టుకున్నాడు. "జింకు లేక నా వరి ఎర్రబడ్డది బిడ్డా. గోదారి నీళ్ళు కొడితే సాలంటవా?"

"అవ్ పెద్దనాయనా, ఫికర్ చెయ్యకు."

"గట్లయితే రేపే ట్యాంకర్ మాట్లాడుత."

సోమవారం విశాఖలో సారు రెండు సీసాలూ నా ముందు పెట్టారు. "గోదావరిలో ఎంత జింకు ఉందో, నేనిచ్చిన శుద్ధమైన నీళ్ళలోనూ అంతే ఉంది. ఎలా వచ్చిందమ్మాయ్?"

పౌడరు సంగతి కక్కేశాను.

"మరి... ఓడ, సార్?"

"ఓడా! నువ్వు ఒడ్డున నిలబడితేనే సముద్రం లెక్క మారిపోతుంది తల్లీ!"

వెంటనే పెద్దనాయనకు ఫోన్ చేశాను. "ట్యాంకర్ ఆపు. గోదారిల గంత జింకు లేదు. అది నా పౌడరుది."

పెద్దనాయన మెల్లగా అడిగాడు. "ఏందీ! అయితే దేవునికి చెప్పిన స్తోత్రం వాపసు తీసుకోవాల్నా?"

ఇకమీదట రెండో సీసా చూడందే దేవుడి ముందు కూడా నోరు విప్పనని, చేతులు సబ్బుతో తోముకుని మరీ, ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను.