జాజ్ వారంలో ఒక ఫోను

కళ్ళద్దాల షాపాయన ఏటా ఒక వారం పాటు సాయంత్రాలు షాపు భార్యకు అప్పగించి, వీధి చివరి కమ్యూనిటీ రేడియోలో జాజ్ సంగీతం వినిపిస్తాడు. మైకు ముందు కూర్చునే ముందు చెప్పులు విప్పి, చొక్కా పై గుండీ పెట్టుకుని, గొంతు సవరించుకుంటాడు. పాట మొదలవగానే కళ్ళు మూసుకుని తొడ మీద తాళం వేస్తాడు. ఆ తాళం ఎప్పుడూ పాటకు ఒక అడుగు వెనకే నడుస్తుంది. ఈసారి స్టేషన్ మేనేజరమ్మ ముందే తేల్చి చెప్పింది. "వారంలో ఒక్కరైనా ఫోన్ చెయ్యకపోతే, వచ్చే ఏడాది ఈ గంట కూరగాయల ధరలకి ఇచ్చేస్తానండీ." ఆఖరి రోజు వచ్చినా ఫోను ఉలకలేదు, పలకలేదు.

ఆ సాయంత్రం సాక్సోఫోన్ పాట మధ్యలో సీడీ ఇరుక్కుపోయి, ఒకటే ముక్క మళ్ళీ మళ్ళీ మోగసాగింది. ఆయనకు అది వాయించేవాడి పట్టుదలగా తోచింది. కళ్ళు తెరవకుండా పదకొండు నిమిషాలు తల ఊపాడు. అప్పుడు ఫోను మోగింది. గబుక్కున ఎత్తాడు.

"బాబూ, మీ సీడీ ఇరుక్కున్నట్టుంది," అంది ఒక పెద్దావిడ.

ఆ మాట ఆయన చెవికెక్కనే లేదు. "అమ్మా, మీరు రోజూ వింటున్నారా?"

"వినక చస్తానా నాయనా. మావాడు రేడియో బీరువా మీద పెట్టేసి ఊరెళ్ళాడు. ఆపుదామంటే నాకు అందదు."

ఆయన కళ్ళు చెమర్చాయి. రిజిస్టరులో 'నిత్య శ్రోత, ఒకరు' అని రాసి, ఉత్త కాళ్ళతోనే మేనేజరమ్మ గదికి పరుగెత్తాడు. ఆవిడ నవ్వు బిగబట్టుకుని, వచ్చే ఏడాదికి సరేనని సంతకం పెట్టి, వెళ్ళి సీడీ ఆపింది.