మా ఇంటి నెట్టుకు మొదటి బంతి

ఇంటి దీపం తీసి వీధిలో పెట్టి, చీకట్లో తన చెప్పులు తానే తన్నుకుని పడ్డ మహాతల్లి గురించి ఎప్పుడైనా విన్నారా? వినకపోతే జరిగి కూర్చోండి, ఆవిడను నేనే. నేను చేసిన ఉపకారానికి మా కోడలి ఉద్యోగం పోయినంత పనయింది. ఉన్న ఉద్యోగం ఎవరైనా పోగొడతారు. ఇంకా రాని ఉద్యోగాన్ని పోగొట్టాలంటే చదువు కావాలి. నాకు ఆ విద్య ఐదో తరగతితోనే అబ్బింది.

మా ఇల్లు జనగామ బస్టాండు వెనక సందులో. ఫోన్ సిగ్నల్ ఆ సందులోకి రావడానికి కొత్తల్లుడిలా బెట్టు చేస్తుంది. అందుకే తీగ గుంజి ఇంట్లో నెట్ పెట్టించుకున్నాం. ఒకరోజు మా మరిది రమేశ్ కొత్త సంగతి మోసుకొచ్చాడు. ఎవరి ఇంటి నెట్‌లో వాళ్లు కొంత వాటా దారిన పోయేవాళ్లకు వదలాలట. అప్పుడు మనం మహబూబాబాద్ పోయినా, భూపాలపల్లి పోయినా అక్కడివాళ్ల నెట్ మనకు ఉత్తగనే దొరుకుతుందట. నేను భూపాలపల్లి పోయింది జన్మలో ఒక్కసారే, అదీ ఎవరో పోతే పలకరింపుకు. అయినా అక్కడెవరో నా కోసం నెట్ పట్టుకుని నిలబడ్డారంటే కడుపు నిండింది.

గోడకు డబ్బా బిగించి రమేశ్ అన్నాడు, "వదినా, ముందుగాల ఇంటోళ్లకు, మిగిలితే బయటోళ్లకు. గట్ల పెడుతున్న."

నాకు తలకొట్టేసినట్టయింది. మా ఇంట్లో ఏ పెళ్లయినా మొదటి బంతి చుట్టాలదే. ఇంటివాళ్లు ముందు విస్తరేసుకుని కూర్చుంటే నలుగురు ఏమనుకుంటారు?

"తిని మిగిలింది పెడుతరా ఎవలన్న? మొదటి బంతి బయటోళ్లది. మనం ఆఖర్ల కూసుందాం," అన్నాను.

"వదినా, గిది అన్నం కాదు."

"ఏదైతేంది. పెట్టే చెయ్యి మనదే గద."

మరిది నెత్తి గోక్కుని నేను చెప్పినట్టే పెట్టాడు. మళ్లీ మార్చాలంటే తన ఫోన్‌తోనే అవుతుందని చెప్పి వెళ్లిపోయాడు. నేను వినలేదు. దానకర్ణులు చిన్న విషయాలు వినరు.

కొన్నాళ్లకే మా అరుగు పత్తి సీజన్లో మార్కెట్ యార్డులా అయింది. కొడకండ్ల బస్సు కోసం వచ్చినవాళ్లు బస్సు వచ్చినా ఎక్కడం మానేశారు. మొదట్లో చల్లగుండు అక్కా అని దీవించారు. తర్వాత నీళ్లడిగారు, ఆ తర్వాత ఛార్జింగ్ పెట్టుకునే బోర్డు అడిగారు, చివరికి ఫ్యాన్ ఎప్పుడు పెట్టిస్తారని అడిగారు. ఒక మీసాలాయన మాత్రం రోజూ వచ్చి, నెట్ నిన్నటిలెక్క లేదని, పాలల్లో నీళ్లు పోసినదాన్ని చూసినట్టు నన్ను చూసేవాడు. నేను సిగ్గుపడి లోపలికెళ్లి డబ్బా మీది దుమ్ము తుడిచేదాన్ని. మా ఇంటాయన, నెట్ చాలక ఇంట్లో టీవీ నడవదు గానీ ఈమె వీధికి సినిమా చూపిస్తుందని తన దుకాణంలో బేరానికొచ్చినవాళ్లందరికీ చెప్పాడు.

ఇక అసలు రోజు. కోడలు రజితకు చంటిపిల్ల ఉంది, ఉద్యోగానికి హైదరాబాద్ పోలేదు. ఏడాది వెతికితే ఒక కంపెనీ ఇంటర్వ్యూకు పిలిచింది. ఇంట్లోనే కూర్చుని, కోపంతో ఫోన్ చేసేవాళ్లను సముదాయించే పని. మంచి చీర కట్టుకుని, పిల్లను నాకిచ్చి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. తెర మీద సున్నా గానుగెద్దులా తిరుగుతూనే ఉంది. బయట అరుగు మీద క్రికెట్ మ్యాచ్. మొదటి బంతి లేవలేదన్నమాట.

మరిదికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. కురవి గుడిలో దర్శనం వరుసలో ఉన్నాడని తర్వాత తెలిసింది. పిల్లను చంకనేసుకుని అరుగు మీదికి ఉరికాను.

"నాయినా, జరసేపు ఫోన్లు బంద్ జెయ్యుండ్రి. మా కోడలి ఉద్యోగం పోయేటట్టున్నది."

మీసాలాయన తలెత్తలేదు. "ఆఖరి ఓవర్ల చెప్తవేందక్కా. గివన్నీ ముందుగాల చెప్పాలె."

డబ్బా తీగ పీకుదామని లోపలికొస్తే రజిత నా చెయ్యి పట్టుకుంది. "అది పీకితే మనది గూడ పోతది అత్తమ్మా." ఒక్క క్షణం ఆలోచించి ల్యాప్‌టాప్ ఎత్తుకుంది. "మనింట్ల మనకు నెట్ రావాలంటే మనం గూడ బయటోళ్లం గావాలె."

అని అరుగు మీదికి పోయి, మీసాలాయనను జరగమని పక్కన కూర్చుని, దారిన పోయేవాళ్ల నెట్ పట్టుకుంది. ఇంటర్వ్యూ చేసే సార్ ముఖం టక్కున వచ్చింది. ఆయన మొదటి ప్రశ్న, వెనకాల వాళ్లంతా ఎవరమ్మా అని.

"మా అత్తమ్మ చుట్టాలు సార్."

ఇంట్లో నెట్ ఉందా అని అడిగాడు.

"ఉంది సార్. ఊరంత వాడుకున్నంక మిగిలితే మాకొస్తది."

నేను తలుపు వెనక కొంగు నోట్లో కుక్కుకున్నాను. అంతలో మీసాలాయన మధ్యలో దూరాడు. "చెల్లె, నువ్వొచ్చి కూసున్నప్పటిసంది మా మ్యాచ్ ఆగింది. గిదేం పద్ధతి?"

రజిత ముఖంలో నవ్వు చెదరలేదు. "అన్నా, మీ పరేషాన్ నాకు సమజైంది. జర ఓపిక పట్టుండ్రి, నా పని కాంగనే మీ మ్యాచ్ సాఫ్‌గ వస్తది." ఆయన సరే అని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. అటు సార్ నవ్వు ఆపుకోలేక కెమెరా మూశాడు. రెండు రోజులకు ఉద్యోగం ఇచ్చారు, నెట్ ఇంట్లోకి రావాలన్న షరతుతో.

ఆ సాయంత్రమే రమేశ్‌ను పిలిచి బయటి నెట్ మొత్తం మూయించాను. తెల్లారి మీసాలాయన తలుపు కొట్టాడు. చెప్పకుండా బంద్ చేస్తే తానెవరికి చెప్పుకోవాలని నిలదీశాడు. నేను మర్యాదగా రజిత గది చూపించాను. "గా బిడ్డకు చెప్పు నాయినా. తిట్లు ఇన్నందుకు ఆమెకు జీతమిస్తరు."

కాబట్టి కురవి వీరభద్రస్వామి మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇక ఈ జన్మలో వీధికి నెట్ వడ్డించను. పుణ్యం మరీ అవసరమైతే ఎండాకాలం మజ్జిగ పోస్తాను. మజ్జిగ తాగినవాడు మూతి తుడుచుకుని పోతాడు గానీ, మధ్యలో ఆగి ఆగి దిగుతోందని తలుపు కొట్టడు.