చువ్వల వెనక బాపమ్మ

మొన్న ఆషాఢం తగ్గింపు ధరలని మా చెల్లెలు పోరు పెడితే, సిద్దిపేటలో కొత్తగా పెట్టిన ఒక బట్టల దుకాణానికి వెళ్ళాం. ముందంతా అద్దాలు, లోపల ఏసీ చల్లదనం, గుమ్మంలో చేతులు జోడించే అమ్మాయి. చెల్లెలు చీరల గుట్టలో మునిగిపోయింది. దాని కూతురు డ్రెస్సు వేసుకుని చూసుకుంటానంటే, తోడుగా నేను మెట్ల వెనకున్న గదిలోకి వెళ్ళాను. అడుగు పెట్టగానే నా మెడ దానంతట అదే ఎడమవైపుకి వంగింది. తలెత్తి చూస్తే, వాలుగా దిగుతున్న మెట్ల అడుగుభాగం. దానికి తల కొట్టుకోకుండా వంగి నడవడం ఒకప్పుడు నాకు అలవాటు. రంగులు మారాయి, అద్దాలు వచ్చాయి, కానీ అది నేను చిన్నపిల్లలకు బొమ్మలు నేర్పిన గదే. ఆ బట్టల దుకాణం ఒకప్పుడు బడి.

అప్పుడు నేను డిగ్రీ అయ్యి, డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు కూడా గట్టెక్కి, కోహెడ నుంచి పొద్దుటి బస్సులో సిద్దిపేటకు వచ్చిపోతున్నాను. మా నాయిన కల్లు గీసేవాడు. ఆడపిల్ల బొమ్మలు గీసి జీతం తెచ్చుకుంటుందంటే ఆయనకు ఒకపక్క గర్వం, ఇంకోపక్క ఎవరో మోసం చేస్తున్నారన్న అనుమానం. బడి యజమానిని అందరం కరస్పాండెంట్ సార్ అనేవాళ్ళం. హుస్నాబాద్ వైపు నుంచి వచ్చి, కట్టుకున్న సొంత భవనంలోనే బడి పెట్టి, పై అంతస్తులో కాపురముండేవాడు. చేరిన రోజే నా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ తీసుకుని ఆఫీసు బీరువాలో పెట్టాడు. చాలా బడుల్లో అదే రివాజు కాబట్టి నేను మారు మాట్లాడలేదు. బెల్లు కొట్టగానే చానల్ గేటుకు తాళం పడేది. తాళంచెవి వాచ్‌మన్ మొలతాడుకు వేలాడేది. సాయంత్రం దాకా పిల్లలు, టీచర్లు అందరం లోపలే.

నాది ఒకటో తరగతి, రెండో తరగతి. నేర్పేవన్నీ చిన్న చిన్న పనులు. నిలువు గీత నిలబడ్డ మనిషి, అడ్డగీత పడుకున్న మనిషి అని చెబితే, ఒకడు తెగ ఆలోచించి ఏటవాలు గీత గీసి "ఈయిన తాగిండు మేడం" అన్నాడు. రెండు అంకెకు ముక్కు పెట్టి బాతును చేసేవాళ్ళం. ఆకును కాగితం కింద పెట్టి పైన క్రేయాన్ రుద్దితే ఈనెలన్నీ తేలుతుంటే పిల్లలు నన్ను మంత్రగత్తెను చూసినట్టు చూసేవాళ్ళు. బెండకాయ ముక్కలను రంగులో ముంచి పూలు అచ్చువేసిన రోజు మాత్రం సార్ గుమ్మంలో ఆగి, "మేడం, గిది వంటనా, డ్రాయింగా?" అని అడిగాడు. ఇంటికి వెళ్ళాక పిల్లలు కూర కోసం పెట్టుకున్న బెండకాయలన్నీ ఖరాబు చేశారని తల్లులు ఫోన్లు చేశారట.

ఆరుబయట పాఠం చెప్పే వీలు లేదు. గేటు తీయరు. అందుకని ఒకరోజు పిల్లలను కిటికీ ముందు కూర్చోబెట్టి, "బయట ఏది ఎట్లా కనిపిస్తే అట్లా గీయండి" అన్నాను. బయట ఒక చాయ్ హోటల్, డ్రైవరు తుడుస్తున్న ఆటో, గోడెక్కి నిలబడ్డ మేక. పిల్లలు స్కేళ్ళు తీసి ముందుగా కిటికీ చువ్వలు గీశారు. తర్వాత ఆ చువ్వల సందుల్లో ఓపిగ్గా మేకను, ఆటోను ఇరికించారు. చువ్వలు అక్కర్లేదర్రా అన్నాను. ముందు వరసలో కూర్చునే ఒక పిల్ల నావైపు జాలిగా చూసింది.

"మరి ఉన్నయి గద మేడం. గా నడిమికెల్లే గద మేక కనవడుతుంది."

ఆ పిల్ల కరస్పాండెంట్ సార్ కూతురే. మిగతావాళ్ళయినా సాయంత్రం గేటు దాటి ఇళ్ళకు వెళ్ళేవాళ్ళు. ఆ పిల్ల పొద్దున మెట్లు దిగి బడికొచ్చేది, బడి అయ్యాక మెట్లెక్కి ఇంటికి పోయేది. తరువాతి వారం ఇంట్లో మనిషి బొమ్మ గీయమంటే తన తండ్రి తల్లిని, అంటే బాపమ్మను గీసింది. తెల్లజుట్టు, ముక్కుపుల్ల, గడ్డం కింద చెయ్యి. ఆ మొహం మీదుగా పైనుంచి కిందికి నల్లటి చువ్వలు.

అదే రోజుల్లో నాకు ఒక గురుకుల హాస్టల్ బడిలో ఆర్ట్ టీచర్ పోస్టుకు పిలుపొచ్చింది. ఒరిజినల్స్ పట్టుకుని హైదరాబాద్ రావాలన్నారు. ఆఫీసుకు వెళ్ళి అడిగాను. సార్ కుర్చీ చూపించి, చాయ్ తెప్పించి, మెత్తగా చెప్పాడు. "నడుమల ఇడిసిపెట్టి పోతే పిల్లల గతేంది మేడం? పరీక్షలు ఒడవనియ్యుండ్రి. మీ కాయితాలు మీకే ఇస్త." ఆ మర్నాడు మా నాయినను వెంటబెట్టుకొచ్చాను. ఎంత ఎత్తు తాటిచెట్టయినా చకచకా ఎక్కే మనిషి, ఆ ఆఫీసు గడప దగ్గర చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక తడబడ్డాడు. ఆయనకూ చాయ్ వచ్చింది. కాగితాలు రాలేదు. తిరుగు బస్సులో, కోహెడలో దిగేముందు, "తిడితే మనం గూడ తిట్టొచ్చు బిడ్డా. మంచిగ మాట్లాడిండు. గదే కష్టమాయె" అన్నాడు.

పేరెంట్స్ మీటింగ్ వచ్చింది. పిల్లల బొమ్మలు మెట్ల గోడ పొడుగునా అతికించాను. పొద్దున్నే సార్ వచ్చి ఒక్కో బొమ్మా చూస్తూ రెండు మెట్లెక్కి ఆగిపోయాడు.

"గిదేంది మేడం? అన్నిటికి చువ్వలేంది? మనది బడా, జైలా? గివన్ని తీసి మామిడిపండు, గుడిసె, గుట్టల నడుమ సూర్యుడు, గసొంటియి పెట్టుండ్రి."

అంటూనే ముక్కుపుల్ల బొమ్మ ముందుకు వచ్చాడు. "గీమె ఎవ్వలు?" అన్నాడు. గేటు ముందు ప్రేయర్ లైన్లో నిలబడబోతున్న కూతురు అక్కడి నుంచే జవాబు చెప్పింది. "బాపమ్మ డాడీ. నేను ప్రేయర్ల నిలవడి మీదికి చూస్తే కిటికీల గట్లనే కనవడుతది."

అందరం గుమ్మం దిగి పైకి చూశాం. మూడో అంతస్తు కిటికీ చువ్వల వెనక ఆమె ఉంది, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, బొమ్మలో ఉన్నట్టే. సార్ మళ్ళీ లోపలికి వచ్చాడు. ఆ ఒక్క బొమ్మను మాత్రం టేపు చిరగకుండా ఊడదీసి, పట్టుకుని పైకి వెళ్ళిపోయాడు. మిగిలినవి బడి ఊడ్చే ఆయమ్మ, నేను కలిసి తీసేశాం. ఆ మధ్యాహ్నం గోడ నిండా మామిడిపండ్లే. తల్లిదండ్రులు మార్కులు చూసుకుని వెళ్ళిపోయారు. మామిడిపండ్లను ఎవరూ తలెత్తి చూడలేదు.

రెండు రోజులకు ఆ పెద్దామె నన్ను పిలిపించింది. ఆ ఇంటి మెట్లెక్కడం నాకు అదే మొదలు. కిటికీ పక్క మంచం, మంచం పక్క గోడకు ఆ బొమ్మ.

"నా కొడుకే తెచ్చిచ్చి పోయిండు" అంది. "మోకాళ్ళు పని చేస్తలేవు బిడ్డా. గీడికి తీస్కొచ్చినంక నేను మట్టి తొక్కలే. పొల్ల ఉన్నదే గీసింది." బొమ్మ మీంచి నా వైపు తిరిగి, "నీ కాయితాల సంగతి ఆయమ్మ చెప్పింది. ఇయ్యిరా అని అడిగిన. గా సంగతి మాత్రం నాకిడిసి పెట్టు అవ్వా అన్నడు. మరి బంగ్ల తాళమన్న ఇయ్యిరా, పోరగాండ్లకు గాలి తగులుతదన్న. గిది ఇచ్చిండు" అని దిండు కింద నుంచి డాబా తలుపు తాళంచెవి తీసి నా చేతిలో పెట్టింది.

హైదరాబాద్‌లో నా కాగితాలు చూడాల్సిన రోజున నేను తరగతి పిల్లలతో ఆ డాబా మీద ఉన్నాను. బాపమ్మను రెండు పక్కలా పట్టుకుని, మెట్టుకొకసారి కూర్చోబెడుతూ పైకి తెచ్చాం. నీళ్ళ ట్యాంకు నీడలో చాప వేశాం. చుట్టూ ఇళ్ళ కప్పులు, ఆరేసిన బట్టలు, దూరంగా కోమటి చెరువు మీద తళుకు. పిల్లలు అరుస్తారనుకున్నాను. గప్‌చుప్‌గా కూర్చున్నారు. కాగితం ముందు పెట్టుకుని ఎవరూ పెన్సిల్ కదపలేదు. ఏమైందర్రా అంటే, "ఎక్కడికెల్లి మొదలువెట్టాలె మేడం?" అన్నారు. బస్టాండు వైపు నుంచి హారన్లు వినబడుతున్నాయి. ఆ బస్సుల్లో ఒకదానిలో నేను ఉండాల్సింది. కళ్ళు మండాయి. ఎండ అనుకోమని నాకు నేనే చెప్పుకున్నాను. బాపమ్మే అంది, "మీకు ఏది ముద్దొస్తే గాడికెల్లే మొదలువెట్టుండ్రి." ఒకడు చెరువు మొదలుపెట్టాడు. ఇంకొకడు ఎదురింటి మీద ఆరేసిన లుంగీ. సార్ కూతురు మాత్రం కాగితం మధ్యలో బాపమ్మ పాదాలు గీసింది, ఎండిన పగుళ్ళతో సహా.

పరీక్షలు అయ్యాక, చెప్పిన మాట ప్రకారం సార్ కాగితాలు ఇచ్చేశాడు. పాలిథిన్ కవర్లో, మడత పడకుండా, పైన ఒక స్వీట్ డబ్బాతో. ఆ పోస్టు అప్పటికే ఇంకెవరికో పోయింది. మా నాయిన కవర్ విప్పి ఒక్కో కాగితాన్నీ వెలుతురుకు పట్టి చూసి, ఇకనుంచి జిరాక్సులే ఇవ్వమన్నాడు. జూన్‌లో వేరే పని దొరకక జిరాక్సులు పట్టుకుని నేను మళ్ళీ ఆ గేటు లోపలికే వెళ్ళాను. ఈసారి పోతానంటే ఆపేవాళ్ళు లేరు, అయినా ఇంకో రెండేళ్ళు ఉన్నాను. మధ్యలో బాపమ్మ పోయింది. తర్వాత నాకు వేరే హాస్టల్ బడిలో ఉద్యోగం వచ్చింది. కొన్నాళ్ళకు సార్ బడి ఎత్తేసి కుటుంబంతో హైదరాబాద్ వెళ్ళాడని విన్నాను.

ఆ బడిలో నన్ను కదలనీయకుండా పట్టి ఉంచిన నెలలు కొన్ని, నా అంతట నేనే ఉండిపోయిన నెలలు కొన్ని. అప్పట్లో ఆ తేడా నాకు నిప్పులా తెలిసేది. ఇప్పుడు గుర్తు చేసుకుంటే ఏ రోజు దేనిలోదో చెప్పలేకపోతున్నాను. ఇన్నేళ్ళ కాలం నన్నడగకుండానే రెంటినీ కలిపేసింది.