కుడి తలుపు మీది వైజర్

దేవుడు ఇచ్చినదానికి దండం పెట్టుకునుడు నాకు చిన్ననాటి నుంచి అలవాటు. నేను బడికి పోలేదు. మా నాయిన ఇంట్లనే కూసుండబెట్టి అక్షరాలు దిద్దిచ్చిండు, దండం పెట్టుడు కూడ ఆయననే నేర్పిండు. వాన పడితే దండం, పొయ్యి మీద అన్నం ఉడికితే దండం. కానీ ఆ బంద్ నాడు మా వాకిట్ల జరిగినదాన్ని తలుచుకుంటే ఇన్నేండ్ల తర్వాత కూడ నాకు కోపమే వస్తది. రాయాలనుకున్నప్పుడు ఆ కోపాన్ని దాచుడు ఎందుకు?

అప్పుడు మేము కోరుట్లల ఉంటుంటిమి. మా ఆయనకు ఒక పికప్ బండి ఉండె. సిరిసిల్లల సాంచెల మీద నేసిన గుడ్డ తానులను జగిత్యాల, కోరుట్ల దుకాండ్లకు తెచ్చి దించుతుండె. పసుపు కాలం వస్తే మెట్‌పల్లి మార్కెట్‌కు బస్తాలు ఏసుకపోతుండె. మాకు అదే బతుకు.

ఆయనకు కుడి చెవుల చీము కారేది. జగిత్యాల డాక్టరు ఆపరేషన్ చేసి చెవి పొరకు పడ్డ బొక్కను మూసిండు. "నీళ్లు పోవద్దు, గాలి కొట్టొద్దు. పొర మంచిగ అంటుకునేదాక పైలం. మళ్ల చినిగిందంటే ఆ చెవు మీద ఆశ ఇడుసుకోవాలె" అని చెప్పిండు. డ్రైవరుకు కుడి చెవంటే కిటికీ పక్క చెవు. అద్దం ఎత్తుకుంటే ఆ ఎండకు లోపల ఉడికిపోవుడే. దించుకుంటే గాలి సీదా చెవులకే. దూది పెట్టుకొని తువాల చుట్టుకుంటే, ఎనుక లారీ హారన్ కొట్టినా సరిగ్గ ఇనరాకపోయేది.

ఈ సంగతి ఎవ్వలకు చెప్పొద్దన్నడు. "చెవు బాగలేదని తెలిస్తే సేట్లు నా బండికి లోడు ఇయ్యరే. ఇంకో బండి చూసుకుంటరు" అన్నడు. నేను మా తల్లిగారింట్ల కూడ చెప్పలే.

ఒకనాడు సిరిసిల్లల లోడు ఎక్కుతుంటే ఇంకో డ్రైవరు బండికి వైజర్లు చూసి వచ్చిండు. తలుపు అద్దం పైఅంచుకు అంటించే నల్లటి ప్లాస్టిక్ పట్టీలు అవి. వాటి చాటుకు అద్దం కొద్దిగ దించుకుంటే లోపల గాలాడుతది, చెవుకు మాత్రం కొట్టది. "ఇవి పెట్టిచ్చుకుంటే నా చెవు దక్కుతదే" అన్నప్పుడు ఆయన మొఖం చూసి నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

తెలంగాణ కొట్లాట నడుస్తున్న ఆ రోజులల్ల దుకాణం ఎప్పుడు తెరిచి ఉంటదో ఎవ్వలకు ఎరుక? ఒకనాడు రాస్తారోకో, ఇంకోనాడు బంద్. బంద్‌కు ముందు రోజు జగిత్యాలల దుకాండ్లు తెరిచిన్రని ఇని ఇద్దరం పోయినం. బండ్ల సామాను అమ్మే భాయ్‌ని వైజర్లు అడిగితే మా బండిని చూసి నవ్విండు.

"ఏం భాయ్, పెండ్లికొడుకు ఎవరు? బండా, నువ్వా?"

"ఇద్దరం భాయ్. మాకు షోకెక్కువ" అని మా ఆయన కూడ నవ్విండు. నిజం చెప్పనీకి లేక నవ్విన నవ్వది.

భాయ్ పని మాత్రం శ్రద్ధగ చేసిండు. తలుపు పైఅంచును స్పిరిట్ గుడ్డతోని తుడిచిండు. అక్కడ నేను అమాసకు పెట్టిన పసుపు బొట్లు ఉండె. "అమ్మా, వీటి మీద టేపు పట్టది, తుడవన్నా?" అని అడిగిండు. దేవుడు ఏమనుకోడు, తుడువుమన్న. టేపు కాయిదం కొనల దగ్గర కొంచెం ఇప్పి, పట్టీని అంచుకు ఆనిచ్చి, మిగిలిన కాయిదం గుంజుకుంట ఎంబడే ఏలితోని ఒత్తుకుంట పోయిండు. ఎడమది ఒక్కసారికే కూసున్నది. కుడిది ఎనుక మూల లేసొచ్చింది. చాయ్ హోటల్ నుంచి వేడినీళ్లు తెప్పిచ్చి, గుడ్డ ముంచి కాపిండు. వంపు తిరిగినంక అంటిచ్చి, బొటనఏలు ఎర్రబడేదాక అట్లనే పట్టుకొని నిలబడ్డడు.

"రేపు ఈ యాళ్ల దాక నీళ్లు తాకొద్దు. తలుపు ధన్‌మని ఎయ్యొద్దు. బండి ఉరికియ్యొద్దు. టేపు పట్టుకునేదాక పసిపిల్ల లెక్క చూసుకోండ్రి."

"రేపు బందే గద. బండి ఇంటికాడ్నే ఉంటది" అన్న నేను.

"అయితే అల్లా మీ దిక్కే ఉన్నడు పో!"

బంద్ కూడ మాకు కలిసొచ్చిందని ఆ పొద్దు నేను దేవునికి మనసుల దండం పెట్టుకున్న. భాయ్‌కి సుత మంచి జరగాలని మొక్కిన. మెల్లగ నడుపుకుంట ఇల్లు చేరినం.

తెల్లారి వాకిలి ఊడుస్తుంటే మా వాడ పెద్దమనిషి వచ్చిండు. ఎనుకట వాళ్లది దొరల ఇల్లు. ఉద్యమంల తిరగబట్టినంక దొరా అంటే ఊకోడు, అన్నా అనాలె. మెడల కండువా, ఎంబడి నలుగురైదుగురు పిలగాండ్లు. వాళ్లల్ల మాకు లోడు ఇచ్చే సేటు కొడుకు కూడ ఉన్నడు.

"తమ్మీ, తాళంచెయ్యి ఇయ్యి. చౌరస్తాల వంటావార్పు ఉన్నది. వంట గంజులు, కట్టెలు తేవాలె."

రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుకొని, అక్కడ్నే కూసుండి అందరు తినుడు అప్పటి మా కొట్లాటల ఒక తీరు. నేను పోని వంటావార్పు లేదు. అంతకు ముందుసారి కూడ మా ఇంటి బియ్యమే పోసిన, నా చేతితోనే వండి పెట్టిన.

"అన్నా, బియ్యం ఇస్త, పప్పు ఇస్త, నేనే వచ్చి వండుత. ఇయ్యాల ఒక్కనాడు బండి మాత్రం అడుగకు" అన్న.

"ఏమైంది బండికి?"

"నిన్ననే వైజర్లు పెట్టిచ్చినం. టేపు ఇంకా పట్టలే."

అందరు గొల్లున నవ్విన్రు. "అరే, ఇంటిర్రా? అక్క బండికి కనురెప్పలు అంటుకునేదాక తెలంగాణ ఆగాలెనట!" అన్నడొకడు. ఇంకోడు, "అక్కది ఏ దిక్కో అడుగుర్రి ముందుగాల. ఆంధ్రోళ్ల దిక్కు కావచ్చు" అన్నడు.

నా వొళ్లంత మండింది. నా వాకిట్ల నిలబడి, నా చేతి బువ్వ తిన్న నోటితోని, నన్ను ఏ దిక్కని అడుగుడా? "మీ షెడ్డుల జీపు ఉన్నది గదన్నా. గంజులు దాంట్ల పడ్తయి గద?" అన్న.

"అది లీడర్లు వస్తే కావాలె చెల్లె. ప్లాస్టిక్ ముక్కల కోసం ఇంత లొల్లి పెడుతున్నవ్, ఆడోళ్ల షోకులకు ఇదా సమయం?"

చెవు అన్న మాట నా నాలుక మీదికి వచ్చింది. మా ఆయన సేటు కొడుకు దిక్కు చూసి, నా దిక్కు చూసి, వద్దని తల ఊపిండు. మింగుకున్న. ఆయన తాళంచెయ్యి తెచ్చి, "నేనే నడుపుత" అన్నడు. "నువ్వు పండుకో తమ్మీ, మావోళ్లు నడుపుతరు" అని చేతులకెల్లి గుంజుకున్నరు. ఒకడు ఎక్కి తలుపు ధన్‌మని ఏసిండు. భాయ్ ఏది వద్దన్నడో సరిగ్గ అదే.

పొద్దుగూకంగ బండి వచ్చింది. ఎడమ తలుపు మీది వైజర్ ఉన్నది. కుడి తలుపు మీద దుమ్ము పట్టిన టేపు పీలికలే ఉన్నయి. పిలగాండ్లు దాన్నే పట్టుకొని యాలాడుకుంట జెండాలు ఊపిన్రట.

"ఊడింది అక్కా. గంతే గద, ఇంకోటి ఏపిచ్చుకోండ్రి" అని తాళంచెయ్యి నా చేతుల ఏసి పోయిన్రు. ఎవ్వడు కూడ తప్పయిందనలే.

ఇంకోటి ఎక్కడికెల్లి ఏపిస్తం? ఆ ఎనుక తెలంగాణ కోసం ఆఫీసులు, బస్సులు బంద్ పెట్టిన సమ్మె మొదలైంది. భాయ్ దుకాణం షట్టరు దించే ఉన్నది. తెరిచినప్పుడు పోతే, పట్నం నుంచి సామాను వస్తలేదన్నడు. లోడు ఆపితే ఇంట్ల పొయ్యి ఆగుతది. దూది పెట్టుకొని, అద్దం సందంత దించుకొని మా ఆయన సిరిసిల్ల తొవ్వ పట్టిండు. చలికాలం రాకముందే మళ్ల చీము మొదలైంది. డాక్టరు లైటు పెట్టి చూసి, పొర మళ్ల చినిగిందన్నడు. గాలికే చినిగిందని ఆయన రాసియ్యలే. నాకు ఎవ్వలు రాసియ్యనక్కర లేదు.

రాష్ట్రం వచ్చిన నాడు నేను సంతోషంతోని ఏడ్చిన, దేవుని ముందు దీపం పెట్టిన. అది వేరే. ఆ తర్వాత కొన్ని రోజులకు ఆ పెద్దమనిషి మా ఇంటికి వచ్చిండు. అరుగు మీద మా ఆయనకు కుడిపక్కన కుర్చీ ఏసుకొని కూసున్నడు.

"తమ్మీ, ఉద్యమానికి బండి ఇచ్చినోళ్లకు శాలువాలు కప్పుతున్నం. నువ్వు రావాలె."

మా ఆయన తొవ్వ దిక్కు చూస్తనే ఉన్నడు. రెండోసారి కూడ చెప్పిండు. "ఏంది, పలుకుతలేవు? గరూరమా?" అన్నడు నవ్వుకుంట.

నేను వంటింట్లకెల్లి బయటికి వచ్చిన. "గరూరం కాదన్నా. ఆ చెవు పోయింది. ఆ చెవు కోసమే ఆనాడు వైజర్ పెట్టిచ్చినం. మీరు ఊడగొట్టిండ్రు. ఎడమ దిక్కు కూసుండి చెప్పు, ఇంటడు" అన్న.

ఆయన కుర్చీ ఎత్తుకొని ఎడమ దిక్కు పోయి, తప్పయిందని కాదు, శాలువా సంగతే మళ్ల మొదటి నుంచి చెప్పిండు.

మా ఆయన అంతా ఇని, "బండి మేము ఇయ్యలేదన్నా. మీరు తీస్కపోయిన్రు" అన్నడు మెల్లగ.

ఇంటికి వచ్చిన మనిషిని చాయ్ ఇయ్యకుండ పంపుడు నాకు చాతకాదు. ఇచ్చిన. ఆయన తాగి పోయినంక ఆ కప్పును రెండుసార్లు తోమిన, నా కోపం మాత్రం పోలే.