పత్తి తోటలో వనభోజనాలు

మా ఊరి చివర ఒక ప్లాంటేషన్ పార్క్ ఉంది, ఒకప్పటి పత్తి తోట. కరోలినాలో ఊరి చివర అంటే అరగంట డ్రైవ్, దారిలో నాలుగు వందల చర్చిలు, ఒక గ్యాస్ స్టేషన్. పార్క్ మధ్యలో తెల్ల స్తంభాల మేడ. ఆ స్తంభాలు ఎంత లావంటే, ఒక్కోదాన్ని చుట్టాలంటే మా తెలుగు అసోసియేషన్ కార్యవర్గమంతా చేతులు కలపాలి. కార్యవర్గం చేతులు కలపడం ఇంతవరకూ జరగలేదు కాబట్టి ఇది నా అంచనా మాత్రమే.

అక్కడ సీజన్‌కొక సంబరం. వసంతంలో ఈస్టర్‌కి గడ్డిలో రంగురంగుల ప్లాస్టిక్ గుడ్లు దాచి, వెతకమని పిల్లల్ని వదులుతారు. వేసవిలో గిటార్లు, బార్బెక్యూ పొగ. ఆకులు రాలే రోజుల్లో గుమ్మడికాయలు, ఎండుగడ్డి పరిచిన ట్రాక్టర్ మీద షికారు. డిసెంబర్‌లో మేడ నిండా కొవ్వొత్తులు, గుర్రబ్బండి మీద శాంటా. మా అమ్మాయి స్ట్రోలర్‌లో ఉన్నప్పటినుంచీ మేం వెళ్ళని సంబరం లేదు. అది ఎక్కిన పోనీ గుర్రం ఈపాటికి రిటైరై ఫ్లోరిడాలో ఇల్లు కొనుక్కుని ఉంటుంది. మా హాల్లో ప్రతి గోడ మీదా ఆ స్తంభాల ముందు మేం పళ్ళికిలించిన ఫోటోలే. ఇండియాలో మా చుట్టాల్లో సగం మంది అది మా ఇల్లే అనుకుంటున్నారు. నేను కాదని ఎప్పుడూ అనలేదు.

ఇన్నేళ్ళలో మేడ వెనక, పత్తి మడి అవతల ఉన్న ఇటుక గదుల వైపు మాత్రం మేం నడవలేదు. అవి బానిసలుండిన గదులు. బోర్డుంది. బాణం గుర్తు కూడా ఉంది. బాణం చూపించే వైపు ఐస్‌క్రీమ్ లేదు, అంతే.

మా అమ్మాయి వాటిని హైస్కూల్ ట్రిప్‌లో చూసింది. ఆ రోజు ఇంటికొచ్చి పిజ్జా ముందు పెట్టినా ముట్టలేదు. మా ఇంట్లో అది అంబులెన్స్‌ని పిలవాల్సిన లక్షణం. ఆ తర్వాత అదే పార్క్‌లో వాలంటీర్‌గా చేరి, ఏడాది పాటు అక్కడి పెద్ద గైడ్ వెనకాలే తిరిగింది. ఆవిడ రిటైరైన టీచరమ్మ, నల్లజాతి మనిషి. వాళ్ళ ముత్తవ్వ తల్లి ఆ మడిలోనే పత్తి తీసిందట. ఆవిడ ఒక్క చూపు చూస్తే, ఇరవై ఏళ్ళుగా కంప్యూటర్ ముందు వంగిపోయిన నా నడుము దానంతటదే నిటారుగా లేచి నిలబడుతుంది.

"ఈసారి గుమ్మడికాయల పండగ రోజున నువ్వొక్కదానివే గుంపుకి గదులు చూపించు, నేను వెనక నిలబడి వింటాను. బాగా చెబితే ఇకనుంచి శనివారం టూర్లు నీవి" అని ఆవిడ మా అమ్మాయితో అంది. ఆ పిల్ల బాత్‌రూం అద్దానికి, ఫ్రిజ్‌కి, మా కుక్కకి ఆ టూర్ చెప్పి చెప్పి అరిగిపోయింది. చిక్కల్లా గుంపుతోనే. పండగ రోజు కౌంటీ జనమంతా గుమ్మడికాయల మీద పడతారు. గదుల వైపు ఈగ కూడా రాదు.

సరిగ్గా అదే రోజు, అదే పార్క్‌లో, మా వాళ్ళ కార్తీక వనభోజనాలు.

కావాలని చేసింది కాదు. ప్లాంటేషన్ అనగానే మా వాళ్ళకి అరకు కాఫీ తోటలు, మున్నార్ టీ తోటలు, హనీమూన్ ఫోటోలు గుర్తొస్తాయి. కార్యవర్గం మీటింగ్‌లో నేను చిన్నగా నసిగాను. మా అధ్యక్షుడు కరీంనగర్ మనిషి, మనసు మంచిదే, గొంతు ఇంకా మంచిది.

"ఏందన్నా నీ లొల్లి? వనభోజనాలకు వనం గావాలె. ఈడ వనముంది, షెడ్డుంది, పార్కింగ్ ఫ్రీ ఉంది."

"అది కాదు, అక్కడ బానిసల్ని..."

"గదంత పాత ముచ్చట అన్నా. మనమేమన్న చేసినమా? మనం పులిహోర తింటం, వస్తం."

తీర్మానం ఏకగ్రీవం. నసిగిన నోటితోనే నేనూ చెయ్యెత్తాను.

మా అమ్మాయికి ఇందులో ఆశ కనిపించింది. "నాన్నా, మన వాళ్ళు అక్కడే ఉంటారు కదా. నువ్వు వాళ్ళు తీసుకొస్తావా? టూ ఓ క్లాక్. ప్లీజ్?" దాని తెలుగులో విభక్తులు ఎయిర్‌పోర్ట్‌లో తప్పిపోయిన లగేజీ లాంటివి. ఎక్కడో ఉంటాయి, చేతికి మాత్రం రావు.

అసోసియేషన్ ప్రోగ్రాములన్నిటికీ మైకు నాదే. నవ్వించేవాడిగా నాకు ఈ మూడు కౌంటీల్లో పేరుంది. "నువ్వు చూస్తూ ఉండు తల్లీ. మూడొందల మందిని తోలుకొస్తా. ఆ గదుల గోడలు పక్కకి జరపాల్సొస్తుంది" అన్నాను. అది నవ్వలేదు. క్యాలెండర్‌లో రెండు గంటల దగ్గర నా పేరు రాసుకుంది.

ఆ రోజు రానే వచ్చింది. ఉసిరి చెట్టు కింద తింటేనే వనభోజనం కదా. కరోలినా చలికి ఉసిరి బతకదు. మా వాళ్ళలో ఒకరు దాన్ని కుండీలో పెంచి, చలికాలం గరాజ్‌లో హీటర్ పక్కన పడుకోబెడతారు. దాన్ని మినీవ్యాన్‌లో సీట్ బెల్ట్ కట్టి తెచ్చి, విడిదింట్లో పెళ్ళికొడుకుని దింపినట్టు నలుగురు కలిసి దింపారు. ఎత్తు నా మోకాలి దాకా. దాని నీడ పేపర్ ప్లేట్‌కి సరిపోతుంది, అప్పడం దగ్గరికొచ్చేసరికి ఎండలో పడుతుంది. అయినా జనం ఆ నీడ కోసం క్యూ కట్టారు. పులిహోర పాత్రలో ఒక చిన్న కారు పార్క్ చేసుకోవచ్చు, రివర్స్ కెమెరా కూడా అక్కర్లేదు.

పంతులుగారు సంకల్పం మొదలుపెట్టారు. ఇంటింటి గోత్రం, ఇంటిపేరు, నక్షత్రం, మొగుడి పేరు, పెళ్ళాం పేరు, పిల్లల పేర్లు. ఎవరి పేరు తప్పు పలికినా మళ్ళీ మొదటినుంచి. "పంతులుగారూ, మా తమ్ముడు సన్నీవేల్‌లో ఉన్నాడు, వాడి పేరు కూడా చదవండి" అని ఒకావిడ. "అయితే ఫ్రిస్కోలో మా బావగారు ఏం పాపం చేశారు?" అని ఇంకొకాయన. ఆ దెబ్బతో అమెరికా మొత్తం చదివారు. రెండు అక్కడే అయింది.

"ఏవండీ, పిల్ల ఎదురుచూస్తుంటుంది, అనౌన్స్ చెయ్యండి" అంది మా ఆవిడ నా మోచెయ్యి గిల్లి.

"ఇప్పుడే విస్తళ్ళు వేశారు. వీళ్ళని లేపితే నన్ను వడ్డిస్తారు" అన్నాను.

చివరికి మైకు తీసుకున్నాను. అందులో ఏం చెప్పానో విని మా ఆవిడ తల దించుకుంది. బానిసల చరిత్ర అని అనలేదు. మా అమ్మాయి మాట్లాడుతుందనీ అనలేదు. "గుత్తొంకాయ అరగాలంటే నాలుగడుగులు వెయ్యాలి. వెనకాల పాతకాలం ఇళ్ళున్నాయట, సెల్ఫీలకి బ్రహ్మాండంగా ఉంటాయి, పదండి!" అన్నాను. అలా అమ్మితేనే కొంటారని నాకు తెలుసు. ఒక పాతికమంది లేచారు, చేతుల్లో పాయసం కప్పులతో సహా.

మా అమ్మాయి పార్క్ వాళ్ళ ఖాకీ చొక్కా వేసుకుని గది గుమ్మంలో నిలబడి ఉంది. టైమ్ చూసుకోలేదు, నా మొహం చూసింది. టీచరమ్మ వెనక గోడ దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది.

పిల్ల మొదలుపెట్టింది. ఇంగ్లీషులో, తొణక్కుండా. ఈ ఒక్క గదిలో రెండు కుటుంబాలు ఉండేవని చెప్పింది. ఇక్కడున్న ఒక తల్లి గురించి చెప్పింది. మేడవాళ్ళ అమ్మాయి పెళ్ళికి ఆ తల్లి పెద్ద కొడుకుని కానుకగా ఇచ్చేశారట. చిన్నదాన్ని దూరాన ఎవరికో అమ్మారట. వాళ్ళు ఏమయ్యారో ఆ తల్లికి తెలియదు, మనకీ తెలియదు, ఎందుకంటే వాళ్ళకి ఇంటిపేర్లు కూడా ఉండనిచ్చేవాళ్ళు కాదు, అంది.

"మరి గోత్రం?" అన్నారు ఎవరో వెనకనుంచి. ఎవరో కిసుక్కుమన్నారు. పిల్ల ఆగలేదు.

అప్పుడు మా అధ్యక్షుడు గదిని కిందికీ పైకీ చూసి, అందరికీ వినిపించేలా తెలుగులో అందుకున్నాడు. "జెర్సీ సిటీల మా తమ్ముని రూమ్ గింత గూడ లేదన్నా! అయినా వీళ్ళే నయం. వీళ్ళకు యుద్ధం జేసి మరీ ఫ్రీడమ్ ఇచ్చిన్రు. మన హెచ్ వన్ బీ బానిసల గ్రీన్ కార్డ్ కోసం ఎవడన్న యుద్ధం జేస్తున్నడా?"

గది దద్దరిల్లింది. పాయసం ఒలికింది. వృత్తిధర్మం కొద్దీ నా పొట్టలోంచి కూడా ఒక నవ్వు గొంతు దాకా వచ్చి, మా అమ్మాయి కళ్ళు చూసి దగ్గుగా మారింది.

ఇంతమంది నవ్వుతుంటే టీచరమ్మ కూడా మర్యాదగా చిరునవ్వు నవ్వింది. "ఏమన్నారాయన? మాకూ చెబితే మేమూ నవ్వుతాం కదా" అంది ఇంగ్లీషులో.

నేను ముందుకి దూకాను. ఈ వయసులో, ఈ బరువుతో, నేనంత వేగంగా దూకింది అదొక్కసారే. "గది చాలా చిన్నగా ఉందంటున్నాడు మేడమ్. పాపం, ఎలా ఉండేవాళ్ళో అని."

"నో," అంది మా అమ్మాయి. "హి డిడన్ట్ సే దట్."

అని, ఆ మాటల్ని ఒక్కొక్కటీ ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది. పదేళ్ళు మా ఆదివారం తెలుగు బడిలో భాష రాదని అందరూ వెక్కిరించిన పిల్ల. జెర్సీ సిటీ, యుద్ధం, గ్రీన్ కార్డ్, బానిసలు, ఏదీ వదల్లేదు, ఏదీ కలపలేదు.

పాయసం కప్పుల్లో స్పూన్లు ఆగిపోయాయి.

టీచరమ్మ కోప్పడలేదు. అధ్యక్షుడి వైపు తిరిగి, "మీకు పిల్లలున్నారా?" అని అడిగింది.

ఆయన మొహం వెలిగిపోయింది. "ఎస్, ఎస్, టూ కిడ్స్! బాబు రోబోటిక్స్, పాప కూచిపూడి!"

"మీ దగ్గరే ఉంటున్నారా?"

"ఆఫ్ కోర్స్ మేడమ్! విత్ మీ ఓన్లీ!"

"మంచిది," అంది ఆవిడ. మా అమ్మాయి వైపు చూసి, "కానివ్వమ్మా" అంది.

ఆవిడ ఏం అడిగిందో ఆయనకి ఆ రోజు అర్థం కాలేదు, ఇప్పటికీ కాలేదు. "ఆ మేడమ్ మస్తు మంచిదన్నా, పిల్లల గురించి ఎంత ప్రేమగ అడిగింది" అని ఇంకా చెబుతుంటాడు.

అంతలో షెడ్డు వైపునుంచి మైకు మోగింది. తంబోలా మొదలు, ఫస్ట్ ప్రైజ్ ఎయిర్ ఫ్రయర్. గది ఖాళీ అవడానికి పట్టిన టైమ్‌లో మనిషి తుమ్మడం కూడా పూర్తి చెయ్యలేడు. మిగిలింది టీచరమ్మ, నేను, ఎప్పుడు వచ్చిందో తెలీదు, మా ఆవిడ. మా ముగ్గురికీ మా అమ్మాయి మిగతా టూర్ మొత్తం చెప్పింది, ఒక్క వాక్యం కోత పెట్టకుండా. నా మొహం వైపు చూడకుండా.

"జనం వెళ్ళిపోయినా చివరిదాకా చెప్పావు. శనివారాలు నీవి" అంది టీచరమ్మ.

కార్‌లో నేను కంగ్రాచులేషన్స్ చెప్పాను. పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఎందుకు చేంజ్ చేశావ్ నాన్నా?" అంది.

"ఏది?"

"ఆయన చెప్పింది. నువ్వు ఎందుకు చేంజ్ చేశావ్?"

వెయ్యి మందిని వేదిక మీదనుంచి గంటసేపు కట్టిపడేసేవాణ్ణి. ఇండికేటర్ వేసి లేన్ చేంజ్ చేశాను. మా ఆవిడ రేడియో పెట్టింది.

వారం తిరగకుండా అధ్యక్షుడు ఫోన్ చేశాడు. "అన్నా, నువ్వు ఫీల్ గాకు. జోక్‌ను ఎవరన్న ట్రాన్స్‌లేట్ జేస్తరా? మన ముచ్చట బయటోళ్ళకు జెప్పి పిల్ల మన పరువు తీసిందని అందరు అంటున్నరు. న్యూ ఇయర్ ప్రోగ్రాంల మైకు నీదే గద. నువ్వే నవ్విచ్చుకుంట పాప తరఫున ఒక సారీ చెప్పేయ్. ఫినిష్."

"నేను చెప్పను."

"అయితే పాపను జెప్పమను."

"అదీ చెప్పదు. ఈసారి మైకు కూడా నాకొద్దు."

బతిమాలతాడనుకున్నాను. ఇన్నేళ్ళ సేవ, శాలువాలు కప్పిన భుజాలు ఇవి. "ఓకే అన్నా, నో ప్రాబ్లం" అన్నాడు. ఫోన్ పెట్టేసి నేను మంచినీళ్ళు తాగేలోపే వాట్సాప్ గ్రూప్‌లో కొత్త యాంకర్‌కి స్వాగతం, నూట ఎనిమిది చప్పట్ల బొమ్మలు. ఆ కుర్రాడు ఎన్నాళ్ళనుంచి కోటు ఇస్త్రీ చేసుకుని కూర్చున్నాడో! దాని కిందే వనభోజనాల గ్రూప్ ఫోటో, తెల్ల స్తంభాల ముందు. వచ్చే ఏడాదికి కూడా షెడ్డు అప్పుడే బుక్ చేసేశారట. పార్కింగ్ బాగుందని.

ఈ ఫోన్ సంగతి మా అమ్మాయికి చెప్పలేదు. మైకు వదిలినందుకు నన్ను మెచ్చుకుంటుందేమోనని భయం. మెచ్చుకోదేమోనని అంతకంటే పెద్ద భయం.

శనివారాలు అది తనే డ్రైవ్ చేసుకుని వెళ్తోంది. నన్ను రమ్మనలేదు. మొన్న శనివారం మేడలో కొవ్వొత్తుల సంబరం, టికెట్లు దొరక్క జనం రోడ్డు దాకా నిలబడ్డారట. చీకటిపడ్డాక ఇంటికొచ్చి గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుకుంటోంది. ఉండబట్టలేక అడిగాను.

"నీ టూర్‌కి ఎంతమంది వచ్చారమ్మా?"

"త్రీ."

"బాగానే వచ్చారే!"

"ఒకాయన బాత్‌రూం ఎక్కడ అని అడిగాడు."

"మరి మిగతా ఇద్దరూ?"

"ఆయన కోసం వెయిట్ చేశారు," అంది.